ఉక్కు కవచము – యోధుని శ్రమ

మధ్యయుగపు ఐరోపా యోధుడు ఉక్కు కవచముతో క్రిందపడినచో లేవజాలడని పలువురి భావన. ఇది నిజము కాదు. 15వ శతాబ్దపు యుద్ధకవచము సుమారు 20 నుండి 30 కిలోగ్రాములు తూగెడిది. ఆ బరువు దేహమంతటను పంచబడెడిది. కీళ్ళవద్ద రేకులు ఒకదానిపై నొకటి జారుచు వంగెడివి. కనుక లేచుట, పరుగెత్తుట సాధ్యమే.

అయితే శ్రమ మాటేమి? లీడ్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కవచధారులను నడకయంత్రముపై నడిపించి, వారు వినియోగించిన ఆమ్లజనిని కొలిచి, 2011లో ఫలితములు ప్రకటించిరి. మామూలు నడకకంటె రెండింతలకు పైగా శక్తి ఖర్చయినది! అంతే బరువును వీపున మోసినవానికి ఇంత ఖర్చు కాదు. కవచధారి అడుగడుగునకు కాళ్ళకున్న ఉక్కును గూడ ఎత్తి ఊపవలెను. ఱొమ్ముకవచము దీర్ఘశ్వాసను అడ్డగించును.

1415లో అజిన్‌కూర్ యుద్ధమున ఫ్రెంచి యోధులు దున్నిన పొలముల బురదలో నడచి, ఆంగ్లేయులను చేరునప్పటికే అలసిపోయిరి. వారి ఓటమికి ఇదియు నొక కారణము.