పరికరం ఎవరి చేతిలో, పట్టా ఎవరి చేతిలో

రిమోట్ సెన్సింగ్ అనగానే మనకు ఉపగ్రహాలే గుర్తొస్తాయి. నేల మీద నిలబడి, చేతికందని గాలిని కాంతి ద్వారానో రేడియో తరంగాల ద్వారానో చదవడం కూడా రిమోట్ సెన్సింగే. ఆ విద్య పుస్తకాల్లో కంటే పరికరం పక్కనే ఎక్కువ అబ్బుతుంది. అందుకే శాస్త్రవేత్తల శిక్షణ చరిత్రను నేను రెండు ప్రశ్నలతో చదువుతాను. పరికరం ఎవరికి అందింది? పట్టా ఎవరికి దక్కింది?

అన్నా మణి (1918-2001) సంగతే చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆనర్స్ చదివి, 1940లో బెంగుళూరులో సి.వి. రామన్ దగ్గర పరిశోధనకు చేరారు. వజ్రాల, కెంపుల వర్ణపటాలు తీయడం ఆమె పని. ఒక్కో ఫోటో ప్లేటుకు పదిహేను, ఇరవై గంటలు కాంతి సోకాలి. రాత్రిళ్లు ప్రయోగశాలలోనే గడిచేవి. 1942-45 మధ్య ఒక్క తన పేరుతోనే ఐదు పత్రాలు ప్రచురించారు. అయినా ఎమ్మెస్సీ లేదని మద్రాసు విశ్వవిద్యాలయం పిహెచ్.డి. నిరాకరించింది.

నిబంధనకు ఆడా మగా తేడా లేదని వాదించవచ్చు. కానీ ఆ ప్రయోగశాలలో స్త్రీ పురుషులను కచ్చితంగా వేరుగా ఉంచేవారని చరిత్రకారిణి ఆభా సూర్ రాశారు. తోటివారితో వాదించి నేర్చుకోవడం శిక్షణలో సగం. ఆ సగం అన్నా మణికి అందలేదు.

1945లో ఆమె ఇంగ్లండు వెళ్లారు. భౌతికశాస్త్రం కోరుకుంటే దొరికింది వాతావరణ పరికరాల శిక్షణ. 1948లో పుణెలో వాతావరణ శాఖలో చేరి, సుమారు వంద పరికరాల నమూనా చిత్రాలను ప్రామాణికం చేశారు. సౌరశక్తిని, ఓజోన్‌ను కొలిచే పనికి పునాదులు వేశారు. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయ్యారు.

ఇది ముగిసిపోయిన కథ కాదు. తిరుపతి దగ్గరి గాదంకిలో 1992లో మొదలైన రాడార్ కేంద్రం ఇప్పుడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. అక్కడి ఎం.ఎస్.టి. రాడార్ 1024 యాంటెనాలతో, 53 మెగాహెర్ట్‌జ్ వద్ద పైకి తరంగాలు పంపి, గాలి సుడుల నుంచి తిరిగొచ్చే బలహీనమైన ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. గాలికి పగలూ రాత్రీ లేవు. కాబట్టి ఇలాంటి పరిశీలనలు ఎక్కడైనా రాత్రిళ్లు కూడా సాగాల్సిందే.

"నువ్వెందుకమ్మా రాత్రిపూట, డేటా మేమిస్తాంగా" అన్న మాట మన పరిశోధక విద్యార్థినులకు కొత్త కాదు. ఆ ఆప్యాయత వెనక జరిగేదేమిటి? పరికరం మొరాయించినప్పుడు దాన్ని దారికి తెచ్చే నేర్పు ఇంకొకరికి దక్కుతుంది. ఆమెకు ఫైలు మిగులుతుంది. హాస్టల్, రాత్రి వాహనం, స్త్రీలకు మరుగుదొడ్డి, పత్రంలో పేరు: వీటిని సౌకర్యాల పద్దులో కాదు, శిక్షణ పద్దులో రాయమని మనం అడగాలి.