మురుగునీటి నురుగు

బెల్లము వండువారికి నురుగు క్రొత్త కాదు. పెనములో చెఱకురసము పొంగినప్పుడు నాలుగు చుక్కల నూనె వేసిన నణగును. కాని నూనెను, క్రొవ్వును తిని పెరుగు నురుగొకటి గలదు. దాని చరిత్రమును నేడు మనవి చేసెదను.

1912లో గిల్బర్ట్ ఫౌలరు అను ఆంగ్ల రసాయనజ్ఞుడు, అమెరికాలోని లారెన్సు పట్టణమున మురుగునీటికి గాలి పట్టించు ప్రయోగములను చూచి వచ్చెను. పిమ్మట 1916లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు ఆచార్యుడై వచ్చినవాడీయనయే. ఆయన సూచనపై మాంచెస్టరులో ఆర్డెర్ను, లాకెట్టు అను నిరువురు పని సాగించిరి. మొదట మురుగు శుద్ధియగుటకు ఐదు వారములు పట్టెను. అడుగున దిగిన మడ్డిని పాఱవేయక, దానిపైననే క్రొత్త మురుగు పోయుచు రాగా, ఒక దినములోపలనే పని ముగియజొచ్చెను. శుద్ధిచేయునవి ఆ మడ్డిలోని సూక్ష్మజీవులే. పాలు తోడుపెట్టుటకు మన యిండ్లలో నిన్నటి పెరుగు మిగుల్చుకొనుట యిట్టిదే. 1914లో వారీ సంగతిని ప్రకటించిరి.

క్రొవ్వు, పిండి, చక్కెర మెండుగా గల ఆహారపు కర్మాగారముల మురుగునకును ఈ పద్ధతి యక్కఱకు వచ్చెను. అయితే నురుగు బాధ దాపురించెను. మొదట దోషము కృత్రిమపు సబ్బుపొడులది. సూక్ష్మజీవులు వానిని జీర్ణింపలేకపోయెను. 1965 నాటికి అమెరికాలో తయారీదార్లు ఆ ద్రవ్యమును మార్చిరి. బాధ తీఱినట్లే తోచెను.

తీఱలేదు. 1969లో, బీరునకు పేరొందిన మిల్వాకీ నగరపు శుద్ధితొట్లపై ముదురు గోధుమవన్నె నురుగు చిక్కగా పేరెను. ఇట్టి నురుగునుండి 1974లో లెషెవాలియే దంపతులు ఒక సూక్ష్మజీవిని వేఱుచేసి, నొకార్డియా అమరే యని పేరిడిరి. ఇది మన అమరశబ్దము కాదు సుమా! గ్రీకున మురుగుకాలువ యని యర్థము. ఇప్పుడు దానిని గోర్డోనియా యందురు. దాని యొడలు మైనము పూసినట్లుండి, తామరాకువలె నీటి నంటదు. గాలిబుడగలను పట్టుకొని పైకి తేలును. నురుగుతోపాటు మడ్డియు గట్టు దాటి కాలువలో పడెనా, దిగువనున్న పల్లెవారికిని, పశువులకును ఆ నీరే గతి.

పైపైన మందు చల్లి యూరకుండుట నాకు సమ్మతము గాదు. క్రొవ్వును ముందుగనే తీసివేయవలెను. ఈ జీవి మెల్లగా పెరుగును గనుక, మడ్డిని ముదురనీయక తఱచుగా కొంత తొలగింపవలెను. తీసిన నురుగును వేఱుగా పాఱవేయవలెను. మరల తొట్టిలో పడిన నదియే తోడగును.