సూదివైద్యమును, ఆగిన నెలసరియు

క్రిందటి సంవత్సరము పొరుగూరి రైతు ఒకరు నా యొద్దకు వచ్చిరి. వారి కుమార్తెకు ముప్పది యేండ్లు నిండలేదు. రొమ్మున రాచపుండు పుట్టగా పట్టణమున శస్త్రచికిత్సయు, పిదప కీమోథెరపీ యనెడి మందుల చికిత్సయు జరిగినవి. ప్రాణము దక్కినది. కాని మందులు మొదలైన కొలది నెలలకే నెలసరి నిలిచిపోయెను. సూదులు పొడిపించినచో మరల వచ్చునని ఎవరో చెప్పిరట. "పంతులుగారూ, అత్తవారి మాటలు పడలేకున్నాము. పాడిగేదెను అమ్మి ఆ సూదులు వేయించమందురా?" అని వారడిగిరి. ఆ ప్రశ్నకు నేను వెదకికొన్న సమాధానమే నేటి నా ప్రసంగము. ఇందు రెండు చరిత్రలు కలవు. ఒకటి సూదిది, రెండవది మందుది.

సూదివైద్యమునకు జన్మభూమి చీనా దేశము. శరీరమునందలి నియత స్థానములలో సన్నని సూదులు గ్రుచ్చి, ప్రాణశక్తి ప్రవాహమును సరిచేయవలెనని ఆ వైద్యుల సిద్ధాంతము. రెండువేల యేండ్ల నాటి గ్రంథములందే ఈ మాట కలదు. 1027లో వాంగ్ వెయీ యను రాజవైద్యుడు, సూదిస్థానములన్నియు రంధ్రములుగా గల రెండు కంచు విగ్రహములను పోయించెను. విగ్రహమునకు మైనము పూసి, లోపల నీరు నింపి, శిష్యుని సూది సరియైన చోట దిగినచో నీరు చిమ్మునట్లు పరీక్షించెడివారని చెప్పుదురు. 1237లో చెన్ జీమింగ్ స్త్రీరోగములపై వ్రాసిన గ్రంథమున మొదటి ప్రకరణమే నెలసరిని క్రమపరచుటను గూర్చినది. అయినను ఆ వైద్యమునకు స్వదేశమునందే ఎల్లకాలము గౌరవము నిలువలేదు. 1822లో చీనా చక్రవర్తి తన వైద్యవిద్యాలయమున సూదివైద్యమును నిషేధించెను.

ఒక్క సంగతి మనము గమనింపవలెను. ఆ ప్రాచీనులు చూచిన నెలసరి దోషములు వేరు. కీమోథెరపీవలన కలిగెడి దోషము వారెరుగరు. ఏలయన ఆ మందులకు ఇంకను నూరేండ్లు నిండలేదు.

ఆ మందుల పుట్టుక చిత్రమైనది. మొదటి ప్రపంచయుద్ధమున, 1917లో, మస్టర్డు అను విషపదార్థమును ప్రయోగించిరి. అది సోకినవారి రక్తమున తెల్లకణములు క్షీణించుట వైద్యులు చూచిరి. చెడుకణములను గూడ అటులే చంపవచ్చునని తలచి, 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున గుడ్‌మన్, గిల్‌మన్ అను పండితులు దాని బంధువగు నైట్రోజన్ మస్టర్డును రోగులయందు పరీక్షించిరి. యుద్ధరహస్యమగుటచే ఆ ఫలితము 1946లోగాని వెలికి రాలేదు.

అదే కాలమున మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడుపుచుండిరి. అచట సిద్ధమైన అమినాప్టెరిన్ అను మందుతో, రక్తమున రాచపుండు గల బాలురకు కొంతకాలము ఉపశమనము కలిగినట్లు ఫార్బరు అను వైద్యుడు 1948లో ప్రకటించెను. దాని సోదరియగు మెథోట్రెక్సేటుతో 1956లో మిన్ చియు లీ, హెర్ట్జ్ అను వైద్యులు మావినుండి పుట్టెడి రాచపుండును లొంగదీసిరి. ఆ చికిత్స పొందిన స్త్రీలలో పలువురు తరువాత బిడ్డలను కనిరి.

అన్ని మందులును అంత దయగలవి కావు. మస్టర్డు వంశమునకు చెందిన సైక్లోఫాస్ఫమైడు అండాశయమును ఎక్కువగా దెబ్బతీయును. ఆడుబిడ్డ పుట్టునప్పుడే పది మొదలు ఇరువది లక్షల అండబీజములు ఆమెలో నుండును. అవి నానాటికి తరుగుటయే కాని, పెరుగుట లేదు. గాదెలోని విత్తనము వంటివి. మందు కొన్నిటిని చంపును, కొన్ని మిగులును. వయస్సు చిన్నదైనచో మిగిలిన విత్తు ఎక్కువ గనుక, కొన్ని నెలలకో, ఏడాదికో నెలసరి తనంతట మరల వచ్చుట కలదు. నలుబది దాటినవారికి ఆ యాశ తక్కువ. చచ్చిన విత్తును ఏ సూదియు మొలిపింపజాలదు.

అట్లని సూది నిష్ప్రయోజనమని నేననను. 1971లో రెస్టన్ అను అమెరికా పత్రికారచయిత చీనాలో శస్త్రచికిత్స పొంది, పిదప కడుపునొప్పికి సూదులు వేయించుకొని, ఆ విషయము వ్రాయగా, పాశ్చాత్యులకు ఆసక్తి కలిగినది. 1997లో అమెరికా ప్రభుత్వము కూర్చిన పండితసభ, కీమోథెరపీవలన కలుగు వికారమునకు, వాంతులకు సూది మేలుచేయుచున్నదని అంగీకరించినది. నెలసరి విషయము వేరు. నీటితిత్తుల అండాశయవ్యాధి గల వేయిమంది చీనా స్త్రీలపై జరిగిన పరీక్ష 1917 తరువాత నూరేండ్లకు, అనగా 2017లో వెలువడినది. అందు సూదులవలన సంతానము పెరుగలేదు. కీమోథెరపీచే ఆగిన నెలసరిని సూది మరల తెచ్చునని ఇంతవరకు రుజువు కాలేదు.

మరి కొందరికి వచ్చినదందురే? కాకి వ్రాలుట, తాటిపండు రాలుట ఒక్క క్షణమున జరిగిన, కాకియే పండు రాల్చెననుట తగునా? బెల్జియములో 1997లో ఒక స్త్రీకి మందులకు ముందే అండాశయ ఖండమును తీసి మంచున దాచి, 2003లో మరల నాటిరి. నెలసరి వచ్చినది. 2004లో బిడ్డయు కలిగెను. అంతటి కార్యమునకు సైతము, పాత అండాశయమే మేల్కొన్నదేమోయని పండితులు సందేహించిరి. సందేహించుటయే శాస్త్రమునకు మర్యాద.

నేనా రైతుతో ఇట్లంటిని: "గేదెను అమ్మవలదు. ముందు చికిత్సచేసిన వైద్యునే అడుగుడు. రక్తకణములు తగ్గియున్నప్పుడు సూదిపోటు చీము పట్టింపవచ్చును. నెలసరి లేదని గర్భము రాదనియు నమ్మరాదు." వారట్లే చేసిరి. పదునొకండవ నెలలో ఆ బిడ్డకు నెలసరి వచ్చినది. సూదులు వేయించియుండినచో ఆ ఘనత సూదులకే దక్కెడిది.

రాకపోయియున్నను ఆమె విలువ తగ్గెడిది కాదు. పెద్దలారా, ఈ వైద్యమునకు ముందే అండములను భద్రపరచు పద్ధతులు నేడు కలవు. వాటిని సకాలమున అడుగుట మన బాధ్యత. మృత్యువును గెలిచి ఇంటికి వచ్చిన బిడ్డను నెలసరితో తూచు నోళ్లను మూయించుటయు మన బాధ్యతయే.