ఆకుపచ్చ బంతికి పక్క నుంచి వెలుగు

అనంతపురం ప్రాంతంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎండలు ముదిరేసరికి కుంటల్లో నెర్రెలిచ్చిన మట్టే మిగులుతుంది. ఇలాంటి నిలకడ లేని నీళ్లలోనూ నెగ్గుకురాగల జీవి వాల్వాక్స్. వేడి తగిలితే ఇది లైంగిక దశకు మళ్లించే పదార్థాన్ని తయారుచేస్తుందని డేవిడ్ కర్క్, మెరిలిన్ కర్క్ 1986లో చూపించారు. ఆ దశలో పుట్టే మందపాటి గోడల బీజాలు ఎండిన మట్టిలో వానకోసం కాచుకుంటాయి.

నీటిలో దొర్లే ఈ ఆకుపచ్చ బంతిని 1700లో డచ్చి బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ వర్ణించాడు. బంతి లోపల పిల్ల బంతులనూ చూశాడు. కానీ మైక్రోస్కోప్‌లో ఒక్క పొరే స్పష్టంగా కనిపిస్తుంది. దాని పైనా కిందా ఉన్నదంతా మసక. గుండ్రటి ప్రాణికి ఇంతకన్నా పెద్ద అన్యాయం లేదు.

ఆ మసకను సూదిబెజ్జంతో అడ్డుకునే కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌కు 1957లో మార్విన్ మిన్‌స్కీ పేటెంట్ కోరాడు. పొరలన్నీ తీసి పేరిస్తే రూపం మూడు కొలతల్లో నిలుస్తుంది. చిక్కల్లా ఒక్కటే: ఒక్కో పొర కోసం ఒళ్లంతా వెలుగు తినాలి. బతికున్న కణం దానికి ఎక్కువసేపు ఓర్చుకోలేదు.

విరుగుడు అప్పటికే పాతది. 1903 నాటికే జర్మనీలో జీడెన్‌టోఫ్, జిగ్మాండీ గాజులోని బంగారు రేణువుల మీదికి పక్క నుంచి వెలుగు పంపారు. తలుపు సందులోంచి పడిన ఎండలో దుమ్ము కనిపించినట్టు అవి మెరిశాయి. ఆ ఉపాయం బతికున్న పిండాల దాకా రావడానికి వందేళ్లు పట్టింది. 2004లో హైడెల్‌బర్గ్‌లో యాన్ హ్యూస్కెన్, ఎర్న్‌స్ట్ స్టెల్జర్ బృందం వెలుగును పలుచని రేకులా మలిచి, చూసే పొరకు మాత్రమే తగిలేలా చేసింది. ఇదే లైట్‌షీట్ మైక్రోస్కోప్.

వాల్వాక్స్‌కు న్యాయం దీనితోనే జరిగింది. దాని పిండంలో ఈదడానికి కావలసిన కశాభాలు మొలిచే కణాల కొసలు మొదట లోపలి వైపు తిరిగి ఉంటాయి. అందుకే పిండం తనలోని రంధ్రం గుండా పూర్తిగా తిరగబడుతుంది. 2015లో కేంబ్రిడ్జిలో స్టెఫనీ హోన్, రేమండ్ గోల్డ్‌స్టీన్ బృందం ఆ మలుపులన్నింటినీ మూడు కొలతల్లో పట్టుకుంది. ఒక పలుచని కణాల పొర అలా వంగి, తనను తాను వెలుపలికి తెచ్చుకోవడం ప్రకృతిలో అరుదైన అద్భుతం.

ఈ యంత్రం పెద్ద ల్యాబుల సొత్తు కానక్కర్లేదు. 2013లో వెలువడిన ఓపెన్‌స్పిమ్ అనే ప్రాజెక్టు దాని నమూనాలను అందరికీ ఉచితంగా ఇచ్చింది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల భౌతికశాస్త్రం, వృక్షశాస్త్రం విద్యార్థులు కలిసి దాన్ని కట్టుకోవాలి. వానకు మేల్కొనే బీజాల పని వాళ్ల కోసం ఇక్కడి కుంటల్లోనే ఉంది.