రంధ్రములను కొలువబోయి

గట్టిపడిన సిమెంటు రాయివలె తోచును గాని, లోపల కంటికందని రంధ్రములు అనేకము. వానిని కొలువవలెనన్న మొదట అందలి నీటిని తొలగింపవలెను. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. 1940 దశకమున షికాగోలో బ్రౌన్‌యార్డుతో కలిసి నీటియావిరితో పరీక్షలు జరిపిన పవర్సు, సిమెంటు జిగురులో సుమారు 28 శాతము రంధ్రములేయని తేల్చెను. 1945లో రిట్టరు, డ్రేకు పాదరసమును ఒత్తిడితో జొప్పించు యంత్రమును కూర్చిరి. రంధ్రము సన్నగిలిన కొలది ఒత్తిడి హెచ్చవలెను.

అయితే 105 డిగ్రీల వేడిలో ఎండిన ముక్కలో జిగురు ముడుచుకొని, పెద్ద రంధ్రములు పెరుగును. వరుగును చూచి పచ్చివంకాయను ఊహించినట్లే అని మాకు తోచును! పాదరసమునకో, ఇరుకు మెడ దాటినగాని లోపలి గది దొరకదు. అందుచే పెద్ద గదియు సన్నని సందుగా లెక్కకెక్కును. 2000లో సిడ్నీ డైమండు ఈ లోపమును గట్టిగా ఎత్తిచూపెను. వేడికి బదులు, నీటి స్థానమున ఐసోప్రొపైల్ ఆల్కహాలును నింపి మెల్లగా ఆరబెట్టువారును కలరు.