ఎంసీబీ ఉన్నా షాక్ ముప్పు: ఆర్‌సీసీబీ అమరికలో తెలుసుకోవలసినవి

వండూర్: దక్షిణ అండమాన్ పశ్చిమ తీరంలోని వండూర్, 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానానికి ముఖద్వారం. ఇటువంటి తీర గ్రామాలలో ఉప్పుగాలి, దీర్ఘకాల వర్షాలు విద్యుత్ పరికరాలకు ప్రధాన శత్రువులు. టెర్మినళ్లు తుప్పు పట్టి, తీగల ఇన్సులేషన్ బలహీనపడితే మోటార్లు, గీజర్ల నుంచి విద్యుత్ లీకయ్యే ప్రమాదం పెరుగుతుంది.

ఎంసీబీ ఎందుకు చాలదు?

ఎంసీబీ అధిక లోడు, షార్ట్ సర్క్యూట్‌ల నుంచి తీగలను కాపాడుతుంది. మనిషి శరీరం గుండా 0.1 ఆంపియర్ ప్రవహించినా ప్రాణాపాయమే. 6 ఆంపియర్ల ఎంసీబీ దానిని గుర్తించలేదు. ఆర్‌సీసీబీ మాత్రం ఫేజ్‌లో వెళ్లిన, న్యూట్రల్‌లో తిరిగివచ్చిన కరెంటును నిరంతరం పోలుస్తుంది. తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరితే 0.3 సెకనులోపు సరఫరా నిలిపివేస్తుంది. అయితే ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తాకితే ఇదీ రక్షించలేదు.

మార్చేటప్పుడు జాగ్రత్తలు

ఎంసీబీని తొలగించి ఆ స్థానంలో ఆర్‌సీసీబీ ఒక్కటే పెట్టరాదు. దానికి అధిక లోడును అడ్డుకునే శక్తి లేదు. ఎంసీబీని కొనసాగిస్తూ ఆర్‌సీసీబీని జోడించాలి, లేదా రెండు రక్షణలూ ఉన్న ఆర్‌సీబీవోను అమర్చాలి. ఆర్‌సీసీబీ రేటింగు దానికి రక్షణనిచ్చే ఎంసీబీ రేటింగుకు తగ్గరాదు. 32 ఆంపియర్ల ఎంసీబీకి 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ సరిపోతుంది. సింగిల్ ఫేజ్ ఆర్‌సీసీబీకి సాధారణంగా రెండు ఎంసీబీలంత చోటు అవసరం కనుక బాక్సును ముందే పరిశీలించాలి.

ఫేజ్, న్యూట్రల్ రెండూ పరికరం గుండానే వెళ్లాలి. ఎర్త్ తీగ వెళ్లకూడదు. పరికరం తరువాతి న్యూట్రల్ ఎర్త్‌తో గాని, మరో సర్క్యూట్ న్యూట్రల్‌తో గాని కలిస్తే అకారణంగా ట్రిప్ అవుతుంది. పాత ఇళ్లలో ఎక్కువగా కనిపించే లోపమిదే. వాషింగ్ మెషిన్, ఏసీ వంటి ఎలక్ట్రానిక్ పరికరాలున్న ఇంటికి ‘ఎ’ రకం మేలు. ఐఎస్ 12640 ప్రమాణ ముద్ర ఉన్నదే కొనాలి. పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

తరచు ట్రిప్ అయితే

పరికరాన్ని బైపాస్ చేయరాదు. ప్లగ్గులన్నీ తీసివేసి, ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే లీకవుతున్న ఉపకరణం బయటపడుతుంది. ప్లగ్గులన్నీ తీసినా ట్రిప్ అవుతుంటే లోపం వైరింగులో ఉన్నట్లు భావించాలి.

పరికరంపై ఉన్న టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కాలి. సరఫరా నిలిచిపోకుంటే వెంటనే మార్చాలి. ఈ పరీక్ష పరికరం పనితీరును మాత్రమే తెలుపుతుంది. ఎర్తింగ్‌ను వేరుగా తనిఖీ చేయించడం తప్పనిసరి.