జారిన వెన్నుపూస

వెన్నుపూస జారడాన్ని తొలిసారి వివరించింది ఎముకల వైద్యుడు కాదు, కాన్పుల వైద్యుడు. 1782లో బెల్జియంకు చెందిన హెర్బినియో, నడుము అడుగున ముందుకు పొడుచుకొచ్చి ప్రసవానికి అడ్డుపడిన ఎముకను వర్ణించారు. 1854లో జర్మన్ వైద్యుడు కిలియాన్ దీనికి 'స్పాండిలోలిస్థెసిస్' అని పేరు పెట్టారు. గ్రీకులో పూస జారడమని అర్థం. 1895లో ఎక్స్‌రే కనుగొన్నాక, బతికున్న మనిషిలోనే ఆ జారుడును చూడడం సాధ్యమైంది. 1932లో అమెరికాలో మేయర్డింగ్ దాన్ని నాలుగు దశలుగా విభజించారు. పావు వంతు లోపు జారితే మొదటి దశ.

కనుక పూస జారిందనగానే బెదిరిపోకండి. ఎంత జారింది, నరం నొక్కుకుందా అన్నవే ముఖ్యం. కొద్దిగా జారితే చాలామందికి బరువులు ఎత్తడం తగ్గించి, నడుముకు బలమిచ్చే వ్యాయామం చేస్తే చాలు. కాని కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా మర్దనలతో కాలయాపన చేయకండి. ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.